వాసన తెలిసీ వడ్డించిన కూర

ఈ మధ్య గంటె పట్టుకుంటే చెయ్యి వణకడం లేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఇంతకుముందు రెండుసార్లు కాగితం ముందేసుకుని కూర్చున్నాను గాని, నాలుగు మాటలు రాసేసరికి ఒంట్లో సత్తువ అయిపోయి పక్కన పెట్టేశాను. జబ్బు పోయి ఏళ్లయింది, అలసట మాత్రం ఇంకా పోలేదు. రాస్తే కొంత తగ్గుతుందేమోనని ఒక ఆశ. ఎండాకాలంలో పదిమందికి వండిపెట్టే ఆడవాళ్లెవరైనా చదివితే వాళ్లకు పనికొస్తుందని ఇంకో ఆశ.

నా పేరు మరియమ్మ. మా ఊరు కోడుమూరుకు రెండు కోసుల దూరం. నా భర్త దావీదు మా పేటలో బడిపంతులు, ఆదివారం ప్రార్థన నడిపించేదీ ఆయనే. మాకు ఒక్కతే కూతురు, ఎస్తేరు. అప్పటికి దానికి ఆరేళ్లు. నా భర్తకు అన్న, మా బావ యోసేపు, సంఘపెద్ద. పేటలో పెళ్లయినా చావయినా పెద్ద వంట నాదే. ఎవరూ నన్ను ఆ పనికి పెట్టలేదు. ఒకసారి బాగా వండాను, ఆ తర్వాత అది నా పనైపోయింది.

రోహిణి కార్తె

మా పేటవాళ్లందరం కూలినాలి చేసుకునే జనం. ఏళ్ల తరబడి కష్టపడి, పాత మట్టి గుడిసె తీసేసి, నాపరాళ్లతో చిన్న గుడి కట్టుకున్నాం. రోహిణి కార్తెలో ప్రతిష్ఠ పెట్టుకున్నాం. రోళ్లు పగిలే ఎండలని తెలియక కాదు. వానలు పడ్డాయంటే ఎవరికీ తీరిక ఉండదు, అందరూ చేలల్లోనే ఉంటారు. ప్రతిష్ఠకు కర్నూలు నుంచి పాదిరి అయ్యగారు వస్తామని కబురు పంపారు.

యుద్ధం నడుస్తున్న రోజులు. బియ్యం కంటికి కనబడటమే అరుదు. ఇంటింటా గుప్పెడు గుప్పెడు దాచి ఆ ఒక్క పూటకు పోగుచేశాం. కోడుమూరులో మాంసం కొట్టే ఖాసిం సాబు రెండు పొట్టేళ్లను తోలుకొచ్చి, తెల్లవారుతూనే మా కళ్లముందే కోసి ఇచ్చాడు. మాంసం ఎర్రగా మెరుస్తూ ఉంది. వంక ఒడ్డున వేపచెట్ల కింద పొయ్యిలు తవ్వుకుని వండాం. పొద్దు బారెడెక్కేసరికి కూర అయిపోయింది. డేగిసాలు దించి, మూతలు పెట్టి, నీడలో ఉంచాను. నీడ అని పేరే గాని, మా సీమలో రోహిణి నీడకు ఏం చలువ ఉంటుంది? గాలి కూడా పొయ్యిలోంచి వచ్చినట్టే వీచింది.

పొద్దున్నే రావలసిన అయ్యగారు మధ్యాహ్నమైనా రాలేదు. నా భర్త ఎదురు వెళ్లాడు. దారిలో బండి ఇరుసు విరిగిందని, బాగు చేయిస్తున్నారని ఎవరో వచ్చి చెప్పారు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. నేను మా బావ దగ్గరికి వెళ్లాను.

"జనానికి పెట్టేద్దాం బావా. అయ్యగారికి వేరే తీసిపెడతా," అన్నాను.

"పెద్దమనిషి రాకముందే మనం తినేది ఏం మర్యాదమ్మా? ఇన్నేండ్లు ఆగినోళ్లం, ఇంగ రెండు గడియలు ఆగలేమా?" అన్నాడు.

ఆ రెండు గడియలు పొద్దు వాలేదాకా సాగాయి. నీడ జరిగిపోయి ఎండ వచ్చి డేగిసాల మీద పడింది. వాటిని జరపాలంటే నలుగురు మగవాళ్లు కావాలి. అందరూ ఊరి ముందర నిలబడి దారి చూస్తున్నారు. నేనూ పట్టుబట్టి పిలవలేదు.

బండి కనబడిందని కేక వినబడ్డాక మూత తీశాను. కూర మీద సన్నని నురగ కట్టింది. వాసన వచ్చింది. కుళ్లిన వాసన కాదు. పులుపుకూ తీపికీ మధ్య ఏదో, ముక్కుకు తగిలి పోయింది. మళ్లీ వంగాను. మళ్లీ తగిలింది.

మళ్లీ బావ దగ్గరికే పరుగెత్తాను. "బావా, కూర ఒకతూరి చూడు. వాసన మారినట్టుండాది."

ఆయన కళ్లు బండి మీదనే ఉన్నాయి. "అయ్యగారు దిగుతాండారు మరియమ్మా. ఈ ఏళప్పుడు ఇట్లాంటి మాట ఎత్తొద్దు. ఇంతమందికి మల్ల యాడ తెచ్చి పెడ్తాం? కొంచెం మంట పెట్టి ఉడుకు చెయ్యి, పో. దేవుని పనికి వండింది, ఏం కాదులే."

కట్టెలు అయిపోయాయి. చిదుగులు ఏరి మంట పెట్టాను. డేగిసా అడుగు కాలింది గాని కూర మరగలేదు. ఆ తర్వాత నేను చేసింది ఎవరూ చెయ్యమనలేదు. అల్లం, ధనియాలు మళ్లీ నూరి కలిపాను. కారం ఇంకో రెండు పిడికిళ్లు వేశాను. చింతపండు పిసికి పోశాను. వాసన అణిగింది. రుచి చూస్తే ఎప్పటికంటే బాగున్నట్టే అనిపించింది. "హమ్మయ్య" అనుకున్నాను కూడా.

అయ్యగారు ఆ కూర ముట్టలేదు. "ఎండకు కడుపు సరిగా లేదమ్మా, మజ్జిగన్నం చాలు," అన్నారు. పక్కన కూర్చున్న నా భర్త కూడా మర్యాదకు అదే తిన్నాడు. మిగతా అందరం కూర తిన్నాం. సమూయేలు తాత గుడి గోడలకు రాళ్లు మోసిన ముసలాయన. ఆయన పళ్లెం నాకి మరీ తిన్నాడు. ఎస్తేరుకు నేనే ముక్కలు చిదిమి నోట్లో పెట్టాను.

దీపాలు పెట్టే వేళకు మొదట నాకే తిప్పింది. పొట్టలో ఎవరో బట్ట పిండినట్టు మెలిపెట్టింది. వాకిట్లోకి వచ్చేలోపలే వాంతి. ఆ తర్వాత లెక్క లేదు. బయటికి పోవడం, రావడం, గోడ పట్టుకుని నిలబడటం. కాసేపటికి ఎస్తేరు "మా, కడుపు" అంది. పక్కింట్లో, ఎదురింట్లో, పేటంతా అదే చప్పుడు.

తెల్లారేసరికి నాలిక అట్టకట్టింది. వేళ్లు వంకర్లు పోయి తెరుచుకోలేదు. పిక్కలు పట్టేసి అరిచాను. నా భర్త ఒక్కడే తిరుగుతూ ఎవరికి నీళ్లు పట్టాలో తెలియక చెంబు పట్టుకుని వాకిట్లో నిలబడిపోయాడు. చాలామందికి వాంతులు మధ్యాహ్నానికి తగ్గాయి. ముసలివాళ్లకు, పిల్లలకు తగ్గలేదు.

ఊరంతా కలరా అన్నారు. ఊళ్లోకి రావద్దని దండోరా వేశారు. మేం నీళ్లు తెచ్చుకునే చెలమ వంకలోనే ఉంది. ఆ వంక ఒడ్డుకే అందరం బయటికి పోతున్నాం, ఆ నీళ్లు తాగేటట్టు లేవు. మంచినీళ్ల బావి ఊళ్లో ఉంది. దానిమీద మాకు ఎప్పుడూ హక్కు లేదు, ఆరోజు అసలే లేదు. అప్పుడు ఊళ్లో రెడ్ల ఇంటావిడ పుల్లమ్మ, మా పేట మొదట్లో ఉన్న రాయిదాకా వచ్చి, తన కూలీల చేత నాలుగు కడవలు దింపించింది.

"దావీదూ, కాగబెట్టిన నీళ్లప్పా. ఉప్పేసి గంజి కూడా పంపిస్తా. నోట్లో చుక్క చుక్క పొయ్యండి, గటగటా తాగనీకండి," అని కేకేసి చెప్పింది. అంతకంటే ముందుకు రాలేదు. కాని రెండు పూటలా వచ్చింది. ఆమె ఇంట్లో వాళ్లు వద్దన్నారని, అయినా వచ్చిందని తర్వాత విన్నాను.

ఆ మధ్యాహ్నం సమూయేలు తాత పోయాడు. అరగంట ముందు కూడా నీళ్లడిగాడట. ఆయన భార్య రూతవ్వ ఏడుపు మా ఇంట్లోకి వినబడింది. నాకు లేచే సత్తువ లేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆ డేగిసా మూత తీసినప్పటి వాసన గది నిండా ఉన్నట్టు అనిపించింది.

మూడో రోజుకు ఎస్తేరు కళ్లు గుంటలు పడ్డాయి. ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదు. పైగా జ్వరం. నా భర్త దాన్ని భుజాన వేసుకున్నాడు. నేను కర్ర పట్టుకుని బండి ఎక్కాను. కోడుమూరులో బొగ్గుతో నడిచే బస్సు దొరికింది. కండక్టరు మమ్మల్ని చూసి ముక్కు మూసుకున్నాడు, దిగమన్నాడు. సీట్లో కూర్చున్న ఒక ముసలి సాయిబు లేచి, "బిడ్డ సచ్చిపోతాంటే దిగమంటావేందప్పా? నా జాగాలో కూసోనీ," అని తను వెనక్కి పోయి నిలబడ్డాడు. కర్నూలుదాకా నిలబడే వచ్చాడు. దిగేటప్పుడు ఎస్తేరు చేతిలో ఒక నిమ్మకాయ పెట్టి పోయాడు.

ఆసుపత్రి వరండాలో జనం కింద కూర్చుని ఉన్నారు. మా వంతు వచ్చేదాకా చూడాలి. నాపరాయి చల్లగా ఉందని ఎస్తేరును బోర్లా పడుకోబెట్టాను. దాని వీపు లేస్తుందా, పడుతుందా అని చూస్తూ ఉండటం తప్ప నేను ఆ వరండాలో చేసిందేమీ లేదు. ఒక్కసారి వీపు లేవడం ఆలస్యమైనట్టు తోచి గట్టిగా కదిపాను. అది కళ్లు తెరిచి, "నిద్దరొస్తాంది మా," అంది.

డాక్టరమ్మ చూసి వెంటనే లోపలికి తీసుకుంది. దాని తొడలోకి సూదితో ఉప్పునీళ్లు ఎక్కించారు. దాని అరుపుకు నా భర్త బయటికి వెళ్లిపోయాడు. నేను కాళ్లు పట్టుకున్నాను.

రెండు రోజుల తర్వాత డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి అడిగింది. "ఇది కలరా కాదమ్మా. ఏం తిన్నారు?"

"పొట్టేలు కూర."

"ఎప్పుడు వండినారు? ఎప్పుడు తిన్నారు?"

"పొద్దున వండినాం. సాయంత్రం తిన్నాం."

"ఈ ఎండలోనా?" ఆమె గొంతు పెంచలేదు. అలసిపోయిన మనిషి. "ఎండాకాలంలో మాంసం వండితే ఉడుకుడుకుగానే తినేయాలమ్మా. ఆగాలంటే పొయ్యి మీదనుంచి దించకుండా మరుగుతూనే ఉండాలి. ఊరికే వెచ్చచేస్తే లాభం లేదు. దించి ఉంచితే కొన్ని గంటల్లోనే విషమైపోతుంది. వాసన రాలేదా మీకు?"

"లేదు," అన్నాను.

ఆ ఒక్క మాట అంటున్నప్పుడు నా భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బండి వచ్చినప్పుడు నేను బావతో అన్న మాట ఆయన విన్నాడో లేదో నాకు తెలియదు. ఆ తర్వాత రెండు రోజులు మాత్రం ఆయన నాతో మాట్లాడలేదు.

పన్నెండు రోజులు అక్కడే ఉన్నాం. ఎస్తేరుకు జ్వరం దిగేది, మళ్లీ ఎక్కేది. నాకు ఆకలి లేదు. పక్క మంచం ఆమెకు ఇంటినుంచి వచ్చే అన్నంలో ధనియాల వాసన వస్తే వరండాలోకి లేచిపోయేదాన్ని. ఒకరోజు మా బావ వచ్చాడు. ఆయన కూడా చిక్కిపోయాడు. ఎస్తేరు తల నిమిరి, నన్ను పక్కకు పిలిచాడు.

"ఖాసిం సాబు రోగమొచ్చిన గొర్రెల్ని కోసినాడంటాండారు పేటలో. నేనేం అనలేదు. వాళ్లే అనుకుంటాండారు," అన్నాడు.

"గొర్రెలు బాగుండె గదా బావా!"

"గమ్మునుండు మరియమ్మా. తాత పోయినాడు. ఇప్పుడు మనం నోరు తెరిస్తే సంఘం రెండుగా చీల్తాది. గుడి కట్టి నెల గాలేదు."

నేను గమ్మునే ఉన్నాను. నాకు వాదించే ఓపిక లేదు. నిజం చెప్పాలంటే, నేరం ఇంకొకరి మీద పడిందని విన్నప్పుడు నా గుండె ఒక్క క్షణం తేలికపడింది. ఆ తేలిక తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మృగశిర కార్తె

మేం ఇల్లు చేరేసరికి ఒక వాన పడింది. ఎస్తేరు మళ్లీ నడక నేర్చుకున్నట్టు గోడ పట్టుకుని నడిచింది. నేను నీళ్ల చెంబు ఎత్తినా ఆయాసపడేదాన్ని. పొయ్యి దగ్గరికి పోలేకపోయాను. నా భర్తే సంగటి కెలికి పెట్టేవాడు. ముద్దలు కట్టి, అడుగంటి, ఎలా ఉన్నా తినేవాళ్లం. ఆయన మాట్లాడుతున్నాడు గాని, ముఖం చూసి మాట్లాడటం లేదు. రూతవ్వ ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ల అవతల. ఆ వైపు పోకుండా చుట్టు తిరిగి పోయేదాన్ని.

ఒకరోజు పొద్దున ఖాసిం సాబు వచ్చాడు. కోడుమూరునుంచి నడిచే వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, వాకిట్లోనే నిలబడ్డాడు.

"మరియమ్మా, నా దగ్గర మాంసం ఎవరూ కొనటం లేదు. సంతలో నా మొగం చూసి తిరుక్కొని పోతాండారు. సచ్చిన గొర్రెను కోసినానని పిల్లోళ్లు కూడా అంటాండారు. నువ్వే సెప్పు తల్లీ, ఆ మాంసం కడిగింది నువ్వే గదా. అది బాగుండ్లేదా?"

"బాగుండాది సాబూ," అన్నాను.

"మరి ఆ మాట ఎవరికన్నా సెప్పినావా?"

నేను గోడ పట్టుకుని నడుస్తున్న ఎస్తేరు వైపు తిరిగాను. ఆయన కూడా అటు చూసి, "బిడ్డ లేచి తిరుగుతాంది గదా, అల్లా దయ," అని వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం నా భర్తకు అంతా చెప్పాను. వాసన వచ్చిందని, కారం వేసి కప్పానని, డాక్టరమ్మకు అబద్ధం చెప్పానని. ఆయన సంగటి కెలకడం ఆపి, కుండ దించాడు. తర్వాత, "నాకు తెలుసు మరియా. నువ్వు చెప్తావేమోనని చూస్తాండా," అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు గాని, ఆరోజు నా ముఖం చూసి అన్నాడు.

ఆరుద్ర కార్తె

చెప్పడానికి ఇంకో రెండు ఆదివారాలు పట్టింది. మొదటి ఆదివారం లేచి నిలబడి, కళ్లు తిరుగుతున్నాయని కూర్చున్నాను. రెండో ఆదివారం ప్రార్థన అయ్యాక, నా భర్త పుస్తకం మూసి, "మరియమ్మ ఒక మాట చెప్తాది," అని తను పక్కకు జరిగాడు. ఇక తప్పించుకునే దారి లేదు.

"ఖాసిం సాబు ఇచ్చిన మాంసం మంచిది," అన్నాను. "చెడగొట్టింది నేను. పొద్దుననుంచి దించి పెట్టినాను. మూత తీసినప్పుడు వాసన వచ్చింది. తెలిసీ కారం ఏసి, చింతపండు పోసి, మీకందరికీ పెట్టినాను. నా బిడ్డకు కూడా పెట్టినాను. సమూయేలు తాతకూ పెట్టినాను."

ఎవరో ఆడమనిషి "అయ్యో" అంది. వెనకనుంచి ఒకాయన, "ఇన్నాళ్లు యాడ పెట్టుకున్నావు ఈ మాట?" అని అరిచాడు. మా బావ తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన పేరు నేను చెప్పలేదు. చెప్పకూడదనే అనుకుని వచ్చాను. కాసేపటికి ఆయనే లేచాడు.

"ఆయమ్మ నాతో చెప్పింది. ముందే పెట్టేద్దామని కూడా చెప్పింది. నేనే ఇనలేదు," అని బయటికి నడిచాడు. ఆ ఎండలోనే కోడుమూరు దారి పట్టాడని, ఖాసిం సాబు అంగడి ముందర సంతకొచ్చిన జనంలో నిలబడి అదే మాట మళ్లీ చెప్పాడని రెండు రోజుల తర్వాత తెలిసింది.

గుడిలో కొందరు లేచి వెళ్లిపోయారు. కొందరు నా వైపు చూడకుండా కూర్చున్నారు. నేను పోయి ఆడవాళ్ల వరుసలో కూర్చున్నాను. అప్పుడు రూతవ్వ మాట్లాడింది. ఆమె లేవలేదు, కూర్చున్న చోటనుంచే, నేలను చూస్తూ మాట్లాడింది.

"నాకూ వచ్చింది వాసన. ఆయన పళ్లెంలో మల్లొక గంటె ఏయించింది నేనే. పెద్దోళ్లందరూ తింటాండారు, మనదేం అనుకున్యా."

ఇంకో ఆమె, "నాకూ వచ్చింది," అంది. మగవాళ్ల వైపునుంచి ఒకాయన దగ్గి, "కొంచెం పులిసినట్టు అనిపించింది నాకు గూడ," అన్నాడు. అంతమందికి తెలిసింది. పెద్దమనిషి ముందర, పండగ పూట, ఎవరికి వాళ్లం ఊరుకున్నాం.

దీనివల్ల నా తప్పు తగ్గలేదు. వండిన చెయ్యి నాది. ఆ తర్వాత చాలాకాలం పేటలో ఎవరూ నన్ను వంటకు పిలవలేదు. అది న్యాయమే అనుకున్నాను. ఇప్పుడు మా పేటలో విందు జరిగితే, చుట్టాలందరూ దిగాక గాని మాంసం పొయ్యి మీద పెట్టరు. ఆలస్యమైతే అంబలి తాగి కూర్చుంటారు. ఎంతటివాళ్లు రావలసి ఉన్నా పిల్లలకు ముందు పెట్టేస్తారు. ఎవరూ నియమం పెట్టలేదు, అలా అయింది.

ఆ ఆదివారం సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే రూతవ్వ మా వాకిట్లోకి వచ్చింది. చేతిలో ఒక కంచు పళ్లెం. తాత పోయినప్పటినుంచి మా ఇంటి గడప తొక్కలేదు. నేను లేచి నిలబడ్డాను. ఏం అంటుందో అనుకున్నాను.

"పొద్దుననుంచి ఏం తినలేదు. ఒక్కదాని కోసం పొయ్యి ముట్టియ్యబుద్ధి కాల్యా," అంది. "ఏముంటే అది పెట్టు."

"ఏం లేదవ్వా. ఇప్పుడు వండాల."

"వండు. కూసుంటా."

పొయ్యి వెలిగించాను. జొన్నసంగటి కెలికాను, పప్పులో నాలుగు ఎండుమిరపకాయలు వేశాను. ఆమె గోడకు ఆనుకుని పొయ్యి వైపు చూస్తూ కూర్చుంది. సంగటి ముద్ద పళ్లెంలో పెడితే ఆవిరి ఆమె ముఖానికి తగిలింది.

"చల్లారనీ అవ్వా, నోరు కాలుతాది," అన్నాను.

"కాలనీలే," అంది రూతవ్వ, ముద్ద తుంచుతూ.